నెట్‌వర్క్ బూటింగ్, డిస్క్ ఇమేజింగ్: కంప్యూటర్లను సిద్ధం చేసే విధానం

నిర్వచనం

కంప్యూటరు తనలోని హార్డ్ డిస్కు మీదా, పెన్‌డ్రైవు మీదా ఆధారపడకుండా, లాన్ కేబుల్ ద్వారా మరో కంప్యూటరు నుంచి ప్రారంభ ప్రోగ్రాము తెచ్చుకుని మొదలవడాన్ని నెట్‌వర్క్ బూటింగ్ అంటారు. ఒక డిస్కులోని ఆపరేటింగ్ సిస్టం, సాఫ్ట్‌వేర్లు, డ్రైవర్లు, సెట్టింగులను పార్టిషన్ల అమరికతో సహా ఫైలుగా దాచి, తిరిగి అదే డిస్కులోకో వేరే డిస్కుల్లోకో దించడం డిస్క్ ఇమేజింగ్. దాచిన ఆ ఫైలు ఇమేజ్. ఏ కంప్యూటరు నుంచి దాన్ని తీశారో అది మాస్టర్ కంప్యూటరు.

ఈ రెండూ వేర్వేరు పద్ధతులు. పెన్‌డ్రైవుతో బూట్ చేసి కూడా ఇమేజ్ దించవచ్చు. నెట్‌వర్క్ ద్వారా బూట్ చేసి, ఇమేజ్ ప్రసక్తే లేకుండా డిస్కు లేని టెర్మినల్‌గానూ వాడుకోవచ్చు. అయితే ఇరవై ముప్పై కంప్యూటర్లున్న ల్యాబులో ఒక్కొక్కదానికీ విడివిడిగా ఓఎస్ వేయడం రోజుల తరబడి సాగే పని కాబట్టి, ఆచరణలో ఇవి జంటగానే కనిపిస్తాయి: నెట్‌వర్క్ ద్వారా బూట్ చేయడం, ఆ మీదట ఇమేజ్ దించడం.

ప్రాంతీయ నేపథ్యం

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం, బి.కొత్తకోట ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో కంప్యూటర్లు ఒకేచోట ఉండేది ముఖ్యంగా విద్యాసంస్థల్లోనే. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం, మదనపల్లె సమీపంలోని అంగళ్ళులో 1998లో మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ ఏర్పడ్డాయి. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పేరిట ఒక ప్రయోగం చేపట్టి, గ్రామాల్లో సమాచార కేంద్రాలు తెరిచింది. ఊరూరా విడివిడిగా ఉన్న కంప్యూటర్లను ఒకే తీరున పని చేయించడం ఎలాగన్న సమస్య అటువంటి ప్రతి పథకానికీ ఎదురయ్యేదే.

పాఠశాలల స్థాయిలో ఈ సమస్యకు 2008లో వేరే దారి ఎంచుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలల ల్యాబులకు ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను తీసుకున్నారు. వీటిలో ఒకే పీసీని పలువురు విద్యార్థులు పంచుకుంటారు. ప్రతి విద్యార్థి ముందూ మానిటర్, కీబోర్డు, మౌస్, ఒక చిన్న పెట్టె ఉంటాయి, ఓఎస్ మాత్రం మూల పీసీలోనే ఉంటుంది. ఇది కచ్చితంగా నెట్‌వర్క్ బూటింగ్ కాదు, దాని దగ్గరి చుట్టం. నిర్వహణ భారం ఒక్క పీసీ మీదికి తగ్గడం దీని సుగుణం. ఆ ఒక్క పీసీ మొరాయిస్తే దాని మీద ఆధారపడ్డ సీట్లన్నీ ఒకేసారి ఆగిపోవడం దీని దోషం.

2017 నుంచి రాష్ట్రంలో ఎంసెట్ ఆన్‌లైన్ పద్ధతికి మారడంతో ఇమేజింగ్ అవసరం మరింత పెరిగింది. అటువంటి పరీక్షలు ఎక్కువగా ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబుల్లోనే జరుగుతాయి. పరీక్ష రోజున యంత్రాలన్నీ ఒకే బ్రౌజరు, ఒకే సెట్టింగులు, ఒకే తేదీ, ఒకే సమయంతో ఉండాలి. పక్కపక్క సీట్లలోని రెండు కంప్యూటర్లు వేర్వేరుగా ప్రవర్తించడాన్ని ఏ పరీక్షా కేంద్రమూ అనుమతించదు.

చరిత్ర

డిస్కులు ఖరీదుగా ఉన్న కాలంలో నెట్‌వర్క్ బూటింగ్ పుట్టింది. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ డిస్కు లేని వర్క్‌స్టేషన్లను అమ్మింది. వాటి ఫైళ్ళన్నీ సర్వరులో ఉండేవి. యంత్రం తన చిరునామా తాను తెలుసుకోవడానికి 1984లో రార్ప్, దాన్ని మెరుగుపరుస్తూ 1985లో బూట్‌పి అనే ప్రోటోకాళ్ళు వచ్చాయి. 1993లో వచ్చిన డిహెచ్‌సిపి బూట్‌పికి వారసురాలు. ఈ రోజు ప్రతి ఇంటి వైఫై రూటరులోనూ పని చేస్తున్నది అదే. ఫైలు తెచ్చిపెట్టే టిఎఫ్‌టిపి అంతకంటే పాతది, 1981 నాటిది.

అప్పట్లో నెట్‌వర్క్ కార్డు మీద బూట్ రోమ్ అనే చిప్పును విడిగా కొని బిగించాల్సి వచ్చేది. మన ల్యాబుల్లో విరివిగా వాడిన రియల్‌టెక్ 8139 రకం చవక కార్డుల మీద ఆ చిప్పు కోసం వదిలిన ఖాళీ సాకెట్ కనిపించేది. చాలా కార్డుల్లో అది చివరిదాకా ఖాళీగానే ఉండిపోయింది. 1995లో మొదలైన ఈథర్‌బూట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, చిప్పు లేకపోయినా ఫ్లాపీ ద్వారా అదే పని చేయించే వీలు కల్పించింది. 2010లో మొదలైన ఐపిఎక్స్‌ఇ ఆ కొమ్మకే పూసింది.

నెట్‌వర్క్ బూటింగ్ కోసం 1999లో ఇంటెల్ వెలువరించిన పిఎక్స్‌ఇ 2.1 నిర్దేశికతో బూట్ రోమ్ మదర్‌బోర్డులోనే భాగమైంది. నేడు అమ్ముడవుతున్న డెస్క్‌టాప్‌లలో ఈ సదుపాయం దాదాపు అన్నింటిలోనూ ఉంటుంది. వాడేవారు తక్కువ కనుక సాధారణంగా ఆపివేసి ఉంటుంది.

ఇమేజింగ్‌కు ప్రాచుర్యం తెచ్చింది ఘోస్ట్. న్యూజిలాండ్‌లో తయారైన ఈ సాఫ్ట్‌వేరును 1998లో సిమాంటెక్ కొనుక్కుంది. మన దగ్గర సర్వీసు చేసేవారి నోట ‘ఘోస్ట్ చేయడం’ అన్న మాట నిలిచిపోవడానికి ఇదే మూలం. డిటిపి కేంద్రాల్లోనూ దీని ఉపయోగం తక్కువేమీ కాదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ కుదిరిన కంప్యూటరును మళ్ళీ మొదటి నుంచి అమర్చుకోవడం ఎంత తలనొప్పో తెలిసినవారు, అన్నీ సవ్యంగా ఉన్న రోజునే ఇమేజ్ తీసి డివిడి మీద దాచుకునేవారు. విండోస్ ఎక్స్‌పిలో యూనికోడ్ తెలుగు సరిగా కనబడాలంటే సంక్లిష్ట లిపుల ఫైళ్ళను విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చేది. అందుకు సీడీ కావలసి వచ్చేది. ఆ పని మాస్టర్‌లో ఒకసారి చేసి ఇమేజ్ తీస్తే ల్యాబంతా తెలుగు వచ్చేది.

తరువాతి కాలంలో తైవాన్‌లో క్లోన్‌జిల్లా, 2007లో ఫాగ్ ఉచిత సాఫ్ట్‌వేర్లుగా వచ్చాయి. మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టాతో పాటు విమ్ అనే ఫైలు రూపాన్ని ప్రవేశపెట్టింది.

పనిచేసే తీరు

పవర్ బటన్ నొక్కగానే, నెట్‌వర్క్ బూటింగ్ ఎంచుకున్న కంప్యూటరు తన మ్యాక్ చిరునామాతో లాన్ అంతటికీ వినబడేలా ఒక విన్నపం పంపుతుంది. తాను పిఎక్స్‌ఇ క్లయింటునని, తన ఫర్మ్‌వేరు పాత బయోసో కొత్త యుఈఎఫ్‌ఐయో అందులోనే తెలుపుతుంది. డిహెచ్‌సిపి సర్వరు మూడు సంగతులు జవాబిస్తుంది: వాడుకోవలసిన ఐపీ చిరునామా, బూట్ ఫైలున్న సర్వరు చిరునామా, ఆ ఫైలు పేరు. చివరి రెండూ డిహెచ్‌సిపిలో 66, 67 సంఖ్యల ఆప్షన్లుగా ప్రసిద్ధం.

తరువాత ఆ ఫైలు టిఎఫ్‌టిపి ద్వారా వస్తుంది. టిఎఫ్‌టిపి మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందినట్టు కబురు వచ్చాకే తరువాతి ముక్క పంపుతుంది. ముక్కల లెక్కకు 16 బిట్లే కేటాయించడంతో పాత అమలుల్లో 32 మెగాబైట్లకు మించిన ఫైలు వెళ్ళేది కాదు. ముక్క పరిమాణం పెంచే ఏర్పాటు తరువాత వచ్చింది. అందుకే చిన్న ప్రారంభ ప్రోగ్రామును మాత్రమే టిఎఫ్‌టిపితో తెప్పించి, ఆ పైన పెద్ద ఫైళ్ళను హెచ్‌టిటిపి, ఎన్‌ఎఫ్‌ఎస్ వంటి వేగమైన దారుల్లో తెచ్చుకోవడం నేటి పద్ధతి. యుఈఎఫ్‌ఐ 2.5 నుంచి హెచ్‌టిటిపి ద్వారా నేరుగా బూట్ చేసే వీలు నిర్దేశికలోనే చేరింది.

అలా తెచ్చుకున్న చిన్న లైనక్స్ గానీ విండోస్ పిఇ గానీ మెమరీలోనే నడుస్తుంది. డిస్కును తాకదు. కనుకనే అది డిస్కు మొత్తాన్ని తుడిచి ఇమేజ్ దించగలుగుతుంది.

ఇమేజింగ్ రకాలు

డిస్కులోని ప్రతి సెక్టారునూ ఖాళీవాటితో సహా నకలు చేయడం ఒక రకం. ఇది నమ్మకమైనదే కానీ నిదానం. డేటా ఉన్న బ్లాకులను మాత్రమే నకలు చేయడం రెండో రకం. క్లోన్‌జిల్లాలోని పార్ట్‌క్లోన్ చేసేది ఇదే. ఫైళ్ళ స్థాయిలో దాచేది మూడోది. విమ్ ఈ కోవకు చెందుతుంది. ఒకే ఫైలు పది చోట్ల ఉన్నా ఒక్కసారే దాచడం, డిస్కు పరిమాణంతో పేచీ లేకపోవడం దీని అనుకూలతలు.

సిద్ధం చేయడం: ఫర్మ్‌వేర్ సెట్టింగులు

పని చెడేది సాధారణంగా నకలు దగ్గర కాదు, అంతకు ముందు చేయవలసిన సన్నాహాల దగ్గర. ల్యాబులో ప్రతి కంప్యూటరు ముందూ కూర్చుని చేయక తప్పని భాగం ఫర్మ్‌వేర్ సెట్టింగులొక్కటే.

యుఈఎఫ్‌ఐ సెట్టింగుల్లో నెట్‌వర్క్ స్టాక్ అన్నదాన్ని, అందులో ఐపివి4 పిఎక్స్‌ఇని ఆన్ చేయాలి. పాత బయోస్‌లలో లాన్ బూట్ రోమ్ అని ఉంటుంది. బూట్ వరుసలో డిస్కునే మొదట ఉంచి, అవసరమైనప్పుడు ఎఫ్12 వంటి మీటతో నెట్‌వర్క్ ఎంచుకోవచ్చు. లేదా నెట్‌వర్క్‌ను మొదట ఉంచి, పని లేనప్పుడు సర్వరే ‘డిస్కు నుంచి కానివ్వు’ అని చెప్పేట్టు అమర్చవచ్చు. ఫాగ్ రెండో పద్ధతిని ఆశిస్తుంది. మీటలు నొక్కే పని ఉండదు, కానీ సర్వరు ఆగిన రోజున ప్రతి కంప్యూటరూ కాసేపు నెట్‌వర్క్ కోసం ఎదురు చూసి గానీ మొదలవదు.

ల్యాబులోని యంత్రాలన్నీ యుఈఎఫ్‌ఐలోనే ఉండాలి, లేదా అన్నీ లెగసీలోనే (పాత బయోస్ పద్ధతిలోనే) ఉండాలి. ఒక పద్ధతిలో తీసిన ఇమేజ్ రెండో పద్ధతిలో మొదలవదు. సాటా నియంత్రికను ఏహెచ్‌సిఐలో పెట్టి తీసిన విండోస్ ఇమేజ్‌ను రెయిడ్‌లో ఉన్న యంత్రంలోకి దించితే నీలి తెర పలకరిస్తుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని ప్రారంభ ప్రోగ్రాములు నడవవు. వేక్-ఆన్-లాన్ ఆన్ చేస్తే రాత్రిపూట సర్వరు నుంచే కంప్యూటర్లను లేపవచ్చు. ఆ లేపే ప్యాకెట్టులో ఆరు ఎఫ్ఎఫ్ బైట్లు, ఆ వెనుక మ్యాక్ చిరునామా పదహారు సార్లు, మొత్తం 102 బైట్లు ఉంటాయి.

కరెంటు తరచూ పోయే చోట్ల గమనించవలసిన చిన్న వస్తువు ఒకటుంది: మదర్‌బోర్డు మీది సిఆర్2032 బ్యాటరీ. అది అయిపోయిన పాత కంప్యూటరు కరెంటు పోయినప్పుడల్లా తేదీని, బూట్ వరుసను, నెట్‌వర్క్ సెట్టింగును మరచిపోతుంది. ఇమేజింగ్ మొదలుపెట్టే ముందు తేదీ తప్పు చూపుతున్న యంత్రాలకు కొత్త బ్యాటరీ వేస్తే సగం గొడవ తీరుతుంది.

సిద్ధం చేయడం: మాస్టర్ కంప్యూటరు

డిస్కు చిన్నగా ఉన్న కంప్యూటరును మాస్టర్‌గా ఎంచుకోవాలి. ఎస్‌ఎస్‌డీలు 240, 250, 256 జీబీలుగా అమ్ముతారు. 256 మీద తీసిన ఇమేజ్ 240లోకి దిగడానికి క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు. 240 మీద తీసినది 256లోకి హాయిగా దిగుతుంది. బెంగళూరు దగ్గర కావడంతో ఈ ప్రాంతానికి చాలా విడిభాగాలు అక్కడి ఎస్‌.పి. రోడ్డు అంగళ్ళ నుంచే వస్తాయి. విడతలు విడతలుగా కొన్న డిస్కులు ఒకే కొలతలో ఉంటాయనుకోవడానికి వీల్లేదు.

మాస్టర్‌లో ఓఎస్, అప్‌డేట్లు, కంపైలర్లు, తెలుగు కీబోర్డు, ఫాంట్లు, ప్రింటర్లు అన్నీ అమర్చాక విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. సగం నిద్రలో ఉన్న ఆ పార్టిషన్‌ను నకలు చేయడానికి ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్లు నిరాకరిస్తాయి. బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ కూడా తీసేయాలి. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో ఇది యజమాని అడగకుండానే ఆన్ అయి ఉండవచ్చు.

ఆ తరువాతి మెట్టు సాధారణీకరణ. ప్రతి విండోస్‌కూ తనదైన గుర్తింపులు కొన్ని ఉంటాయి. యథాతథంగా నకలు చేస్తే ముప్పై కంప్యూటర్లూ అవే గుర్తింపులతో, అదే పేరుతో నెట్‌వర్క్‌లోకి వస్తాయి. సిస్‌ప్రెప్ అనే ఉపకరణం వీటిని తుడిచి, తదుపరి బూట్‌లో కొత్తవి పుట్టేలా చేస్తుంది. భద్రతా గుర్తింపు ఒకటే అయినంత మాత్రాన ఉపద్రవమేమీ లేదని విండోస్ నిపుణుడు మార్క్ రసినోవిచ్ 2009లో వివరించారు. అయినా సిస్‌ప్రెప్ లేని ఇమేజ్‌లకు మైక్రోసాఫ్ట్ మద్దతు ఇవ్వదు. ఇతర గుర్తింపుల వల్ల వచ్చే చిక్కులు నిజమైనవే. సంస్థల్లో వాడే కెఎంఎస్ సర్వరు కనీసం 25 వేర్వేరు యంత్రాలు కనబడితే గానీ విండోస్ డెస్క్‌టాప్‌లను యాక్టివేట్ చేయదు. సిస్‌ప్రెప్ చేయని ఇమేజ్‌తో నింపిన ల్యాబులో కంప్యూటర్లు ముప్పై ఉన్నా సర్వరు లెక్కలో ఒక్కటే. లైనక్స్‌లో మెషీన్-ఐడి ఫైలును ఖాళీ చేయడం, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలను తొలగించడం ఇందుకు సమానమైన పనులు.

సిద్ధం చేయడం: నెట్‌వర్క్

ఒకే లాన్‌లో రెండు డిహెచ్‌సిపి సర్వర్లు ఉంటే ముందు ఏది జవాబిస్తే కంప్యూటరు దాని వెంటే పోతుంది. బ్రాడ్‌బ్యాండ్ రూటరులో డిహెచ్‌సిపి ముందే ఆన్ అయి ఉంటుందన్నది చాలా ల్యాబుల్లో మరచిపోయే విషయం. రూటరును మార్చే అధికారం లేని చోట ప్రాక్సీ డిహెచ్‌సిపి పనికొస్తుంది. అది ఐపీ చిరునామా ఇచ్చే పనిని రూటరుకే వదిలి, బూట్ ఫైలు సంగతి మాత్రం తాను చెబుతుంది. లైనక్స్‌లోని డిఎన్‌ఎస్‌మాస్క్ ఇందుకు తేలికైన సాధనం.

స్విచ్చులో స్పానింగ్ ట్రీ (కేబుళ్ళ వలయం ఏర్పడకుండా కాచే ఏర్పాటు) నడుస్తుంటే, కేబుల్ తగిలిన తరువాత సుమారు 30 సెకన్ల పాటు ఆ పోర్టు సమాచారాన్ని వదలదు. అంతలో కంప్యూటరు ప్రయత్నం మానుకోవచ్చు. పోర్ట్‌ఫాస్ట్ అనే సెట్టింగు దీనికి విరుగుడు.

వేగం లెక్కలు పనికి ముందే వేసుకోవడం మంచిది. 40 జీబీల ఇమేజ్ 100 ఎంబీపీఎస్ స్విచ్చు మీద ఒక కంప్యూటరుకు చేరడానికి సిద్ధాంతరీత్యా 53 నిమిషాలు పడుతుంది. సర్వరు కూడా అదే స్విచ్చుకు అదే వేగంతో కలిసి ఉంటే, ముప్పై కంప్యూటర్లకు విడివిడిగా పంపడానికి 26 గంటలు దాటుతుంది. గిగాబిట్ స్విచ్చు మీద ఇది రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గుతుంది. మల్టీకాస్ట్ పద్ధతిలో సర్వరు ఒక్కసారే పంపితే అందరూ ఒకేసారి అందుకుంటారు, కనుక గిగాబిట్ మీద ఐదారు నిమిషాలే. వాస్తవంలో కుదింపు వల్ల కొంత సమయం కలిసివస్తుంది, డిస్కు రాసే వేగం వల్ల కొంత పోతుంది. మల్టీకాస్ట్‌లో అందరూ అందరికంటే నిదానమైన యంత్రం వేగంతోనే నడవాలి. ముప్పైలో ఒక్క పాత హార్డ్ డిస్కు ఉంటే మిగతా ఇరవై తొమ్మిది ఎస్‌ఎస్‌డీలూ దాని కోసం ఆగుతాయి. అటువంటి యంత్రాన్ని విడిగా చేసుకోవడమే మేలు.

సాధారణ లోపాలు

పిఎక్స్‌ఇ చూపే లోప సంకేతాలు పొడిగా కనిపించినా సమస్య ఎక్కడుందో కచ్చితంగానే చెబుతాయి. ఇ61 అంటే కేబుల్ లేదు, లేదా అవతలి కొస స్విచ్చుకు తగల్లేదు. ఇ51 అంటే డిహెచ్‌సిపి జవాబు రాలేదు. ఇ53 అంటే చిరునామా వచ్చింది గానీ బూట్ ఫైలు పేరు రాలేదు. ఇంటి రూటరు జవాబిచ్చిన ప్రతిసారీ కనబడేది ఇదే. ఇ32 అంటే ఫైలు పేరు తెలిసినా టిఎఫ్‌టిపి సర్వరు పలకలేదు, ఎక్కువగా ఫైర్‌వాల్‌లో 69వ యుడిపి పోర్టు మూసి ఉండడమే కారణం. యుఈఎఫ్‌ఐ యంత్రానికి బయోస్ కోసం తయారైన ఫైలును అందిస్తే మాత్రం సంకేతమేమీ లేకుండానే మెనూకి వెనక్కి వచ్చేస్తుంది.

లైసెన్సు, భద్రత

కంప్యూటరుతో పాటు వచ్చిన విండోస్ నుంచి ఇమేజ్ తీసి వేరే కంప్యూటర్లలోకి దించడానికి ఆ లైసెన్సు అనుమతించదు. ఈ హక్కు వాల్యూమ్ లైసెన్సుతో వస్తుంది. లైనక్స్ ఇమేజ్‌లకు ఈ చిక్కు లేదు.

పిఎక్స్‌ఇ రూపొందిన కాలంలో లాన్‌లో ఉన్నవారంతా నమ్మదగినవారే అనుకున్నారు. జవాబిచ్చింది అసలు సర్వరో కాదో కంప్యూటరు తరచి చూడదు. టిఎఫ్‌టిపి సంకేతపదం అడగదు. విద్యార్థులు సొంత ల్యాప్‌టాప్‌లు తగిలించే ల్యాబులో ఇది నిజమైన ప్రమాదమే. ఇమేజింగ్‌కు వీలాన్‌ను (స్విచ్చులోనే విడదీసిన ఉప నెట్‌వర్క్‌ను) వేరుగా ఉంచడం, పని ముగిశాక సేవను ఆపేయడం, ఇమేజ్‌లో వైఫై సంకేతపదాలు, పరీక్షల విభాగం ఫైళ్ళు మిగలకుండా చూడడం కనీస జాగ్రత్తలు.

వినియోగం, పరిమితులు

ఒకే మోడల్ యంత్రాలు పది దాటిన చోట ఈ పద్ధతి పెట్టిన శ్రమను తిరిగి ఇస్తుంది. జూన్‌లో తరగతులు మొదలయ్యే ముందు, ప్రాక్టికల్ పరీక్షల ముందు, వైరస్ సోకినప్పుడు ల్యాబును ఒక పూటలో పూర్వస్థితికి తేవచ్చు. పుంగనూరులోనో బి.కొత్తకోటలోనో నాలుగు రకాల పాత పీసీలతో నడిచే చిన్న శిక్షణ కేంద్రానికి మాత్రం సర్వరు నిలబెట్టడం దండగ. వారికి క్లోన్‌జిల్లా ఉన్న ఒక పెన్‌డ్రైవు, ఇమేజ్‌లు దాచుకోవడానికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు చాలు. రీస్టార్ట్ చేయగానే మార్పులన్నీ చెరిపేసే డీప్ ఫ్రీజ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఇమేజింగ్ అవసరాన్ని తగ్గిస్తాయి గానీ, డిస్కు పాడైనప్పుడు ఆదుకోలేవు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టిపిఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ సామర్థ్యం ఉన్న యుఈఎఫ్‌ఐ తప్పనిసరి. విండోస్ 11 డిస్కులోని బూట్.విమ్‌తో మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యుడిఎస్ సర్వరు ద్వారా నేరుగా ఇన్‌స్టాల్ చేసే పాత పద్ధతిని కూడా ఆ సంస్థ నిలిపివేసింది. టిపిఎం 2.0 లేని ల్యాబ్ కంప్యూటర్లను ఇకపై సిద్ధం చేయాలంటే లైనక్స్ ఇమేజ్‌కు మారడం, లేదా విండోస్ 10 పొడిగింపు అప్‌డేట్లకు రుసుము చెల్లించడం అన్న రెండు దారులే మిగిలాయి.